వాలు చూడకుండా మిషన్ దించొద్దు

నేల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. ఎండాకాలం చేలు ఖాళీగా ఉంటాయి, జేసీబీ అద్దెకు దొరుకుతుంది, పంట అమ్మిన డబ్బు కొంచెం చేతిలో ఉంటుంది. దాంతో చదును పని, పునాది పని, గట్ల పని అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకుంటారు. భూసంరక్షణ పనుల్లో ముప్పై రెండేళ్లు లెవెల్ మిషన్ మోసుకుంటూ పొలాల వెంట తిరిగినవాణ్ణి కాబట్టి, ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను. మొదటిదానికి జవాబు పెద్దదైంది. అందరికీ పనికొచ్చే లెక్క అందులో ఉంది.

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు మూడెకరాల ఎర్ర చెలక ఉంది. ఇన్నాళ్లూ ఆముదం, కంది వేశాం. ఇప్పుడు బోరు పడింది, బత్తాయి తోట పెడదామనుకుంటున్నాం. చేను పైనుంచి కిందికి బాగా వాలుగా ఉంటుంది. జేసీబీ ఆయన వచ్చి చూసి, "నాలుగు రోజుల్లో మొత్తం ఒకే మడిలాగా చదును చేసిస్తా" అంటున్నాడు. చేయించమంటారా?
(ఒక రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: చేయించకండి. అసలు బత్తాయికి ఒకే మడి ఎందుకు? మీరు నీళ్లు పెట్టేది డ్రిప్పుతో. వరి మడిలాగా నీళ్లు నిలబెట్టాల్సిన పని లేనప్పుడు, మూడెకరాలను బల్లపరుపుగా చేయడానికి పెట్టే ప్రతి రూపాయీ దండగే. డబ్బు పోతే పోయింది, చేను కూడా పాడవుతుంది. అది ఎలాగో లెక్కతోనే చూద్దాం.

ముందు వాలు ఎంతుందో కొలవండి. మేస్త్రీలు వాడే పైపు లెవెల్ చాలు. లోపలి నీళ్లు కనిపించే పదిహేను మీటర్ల పారదర్శకమైన పైపు, ఐదడుగుల కర్రలు రెండు కావాలి. కర్రల మీద సెంటీమీటర్ల టేపు అంటించి, పైపు రెండు చివరలనూ ఒక్కో కర్రకు నిలువుగా కట్టాలి. పైపులో ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్లు నింపండి. బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. రెండు కర్రలూ పక్కపక్కన పెట్టినప్పుడు రెండు వైపులా నీళ్లు ఒకే గీత దగ్గర నిలవాలి. తర్వాత ఒకరు పైన నిలబడాలి, ఇంకొకరు వాలు వెంబడి పది మీటర్లు కిందికి దిగాలి. నడిచేటప్పుడు పైపు రెండు మూతులూ బొటనవేలితో మూసి పట్టుకోండి, లేకపోతే నీళ్లు ఒలికిపోతాయి. ఆగి వేలు తీసి చూస్తే కిందున్న కర్ర మీద నీళ్లు పైకి, పైనున్న కర్ర మీద కిందికి కనిపిస్తాయి. రెండింటికీ తేడా 30 సెంటీమీటర్లు ఉందనుకోండి, పది మీటర్లకు 30 సెంటీమీటర్లంటే నూటికి మూడు వాలు. ఇలా చేనంతా పది పది మీటర్లకు కొలుచుకుంటూ కిందిదాకా రండి. తండ్రీకొడుకులు ఇద్దరు ఒక పొద్దుటిపూట చేసుకునే పని ఇది.

మీరు రాసినదాన్ని బట్టి మీది నూటికి మూడు వాలే అనుకుందాం. మూడెకరాలంటే సుమారు 120 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు. పై గట్టుకూ కింది గట్టుకూ మధ్య తేడా 3.6 మీటర్లు. దీన్ని ఒకే మడి చేయాలంటే పైన దాదాపు ఆరడుగులు తవ్వాలి, కింద ఆరడుగులు పోయాలి. కదిలించాల్సిన మట్టి 5,400 ఘనపు మీటర్లు దాటుతుంది. ట్రాక్టర్ ట్రాలీకి వంద ఘనపుటడుగులు పడుతుందనుకుంటే 1,900 ట్రాలీలు. నాలుగు రోజుల్లో అయ్యే పని కాదిది. నాలుగు రోజుల్లో చేస్తే ఏమవుతుందంటే, పైనున్న మంచి మన్ను గీకి కింది మూలకు నెట్టేస్తారు, పైన మొరం తేలుతుంది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మాది కదిరి వైపు పల్లె. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, మా నాయన వద్దంటున్నా వినకుండా మా నాలుగెకరాల్లో డోజరు పెట్టించాను. చూడ్డానికి చేను అద్దంలాగా తయారైంది. ఆ ఏడు వేరుశెనగ వేస్తే కింది సగం మోకాలెత్తు వచ్చింది. పై సగం జానెడు లేచి పసుపుపచ్చగా నిలబడిపోయింది. మా నాయన ఆ చెక్కలో (పొలం ముక్కలో) కూర్చుని ఒక మొక్క పెరికి, వేరుకు అంటుకున్న గరుసు నా అరచేతిలో పోశాడు. "మన్ను తీసేసినావు, ఇంక రాళ్లకు ఎరువేస్తావా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తిరిగి ఆ చెక్క మామూలు కావడానికి ఆరేళ్లు పట్టింది. చెరువు మట్టి తోలించాం, గొర్రెల మంద కట్టించాం, రెండేళ్లు జనుము వేసి కలియదున్నాం, జింకు సల్ఫేటు చల్లాం. పైమన్ను గీకేసిన చోట్ల జింకు లోపం రావడం నేను తర్వాత ఎన్నో పొలాల్లో చూశాను. మా నాయన మాట వినివుంటే ఇవేవీ అక్కర్లేకపోయేవి. అందుకే ఈ సంగతి ఎవరు అడిగినా ఇంత గట్టిగా చెబుతాను.

చెలక నేలల్లో బలమంతా పై ఆరు, తొమ్మిది అంగుళాల్లోనే. దాని కింద ఎర్ర గరుసు, ఆ కింద మొరం, ఆ తర్వాత బండ. ఆ పైపొర చేనికి ప్రాణం అనుకోండి.

మరి వాలుతో ఏం చేయాలి? వాలును చంపాల్సిన పని లేదు, దాన్ని ముక్కలు చేస్తే చాలు. మా శాఖలో గట్ల మధ్య దూరానికి ఒక సూత్రం వాడేవాళ్లం. వాలు శాతాన్ని మూడుతో భాగించి, రెండు కలిపి, దాన్ని 0.3తో గుణిస్తే రెండు గట్ల మధ్య ఎత్తు తేడా మీటర్లలో వస్తుంది. మీ నూటికి మూడు వాలుకు అది 0.9 మీటరు. అంటే నేల మీద 30 మీటర్లకు ఒక గట్టు. మీ 120 మీటర్ల పొడవులో మూడు గట్లు, నాలుగు చెక్కలు. అంతే పని. గట్టు కింద ఏడడుగులు, పైన అడుగున్నర, ఎత్తు రెండడుగులు ఉంటే సరిపోతుంది. మట్టిని గట్టుకు ఎగువ పక్క నుంచే తీయండి. కానీ వరుసగా కాలవలాగా తీయొద్దు, రెండు మూడు మీటర్లు తవ్వి ఒక మీటరు వదిలేస్తూ పోవాలి. వరుసగా తవ్వితే నీళ్లు ఆ గాడి పట్టుకుని పరిగెడతాయి. ప్రతి గట్టుకూ ఒక చివర రాళ్లు పేర్చిన అలుగు తప్పకుండా ఉండాలి. అలుగు లేని గట్టు మొదటి పెద్దవానకే తెగుతుంది. తెగినచోట పడే కోత, గట్టే లేకపోతే పడేదానికంటే ఎక్కువ. గట్ల మీద వట్టివేరు గానీ గ్లిరిసిడియా గానీ నాటితే మట్టి పట్టు పడుతుంది.

ఇంకో లెక్క. ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్లకు పైగా నీళ్లు. మీ మూడెకరాల మీద మూడు లక్షల లీటర్లు. మీ పైన ఉన్న చేను నుంచి వచ్చేది దీనికి అదనం. నీటి వేగం రెట్టింపైతే మోసుకుపోయే మట్టి 32 రెట్లు పెరుగుతుందని మాకు ట్రైనింగ్‌లో నేర్పారు. 120 మీటర్లు అడ్డం లేకుండా పరిగెత్తే నీటికీ, 30 మీటర్లకోసారి ఆగే నీటికీ తేడా అక్కడ వస్తుంది. పై చేని నీళ్లు మీ తోటలోకి రాకుండా ఎగువ హద్దు వెంట ఒక మళ్లింపు కాలవ తీసి ఒర్రెలోకి (చిన్న వాగులోకి) కలపండి. పక్క రైతుతో ముందే మాట్లాడుకుని తీయండి, తర్వాత తగాదాలు వద్దు.

మొక్కలు పెట్టేముందు చేను పైన, మధ్యలో, కింద మూడుచోట్ల మూడడుగుల లోతు గుంతలు తీసి చూడండి. గుంతలో తెల్లటి సుద్ద పొర కనిపిస్తే ఆ ముక్క తీసి నిమ్మకాయ పిండండి. నురగ పొంగితే అది సున్నం. బత్తాయి వేరు ఆ పొరలోకి దిగితే ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది తెల్లబడిపోతుంది, ఇనుప ధాతువు అందదు. అలాంటి చెక్కలో బత్తాయి వద్దు, వేరే పంట చూసుకోండి. మిగతా చోట గుంతలు తీసేటప్పుడు పైమన్ను ఒక పక్క, కింది మొరం ఒక పక్క కుప్ప పెట్టించి, పూడ్చేటప్పుడు పైమన్నే పశువుల ఎరువుతో కలిపి వేయండి. జేసీబీ ఆయన్ని పిలవండి, కానీ గట్లకూ గుంతలకూ పిలవండి.

ప్రశ్న: మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఐదు సెంట్ల స్థలం కొన్నాం, నల్లరేగడి. ఇల్లు కట్టుకోవాలి. మేస్త్రి నాలుగడుగుల రాతి పునాది చాలంటున్నాడు. మా పక్కింటి గోడలకు కిటికీల పైనుంచి మెట్లు మెట్లుగా బీటలు పడ్డాయి. వానాకాలం తలుపులు పట్టేసుకుంటాయి, ఎండాకాలం మామూలుగా పడతాయి. ఆ ఇల్లు చూసినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉంది. మా ఆయన మాత్రం అందరూ ఇలాగే కడుతున్నారు కదా అంటున్నారు. ఏం చేయమంటారు?
(ఒక సోదరి, నంద్యాల జిల్లా)

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. వానాకాలం తలుపు పట్టేస్తోందంటే ఇంటికింద నేల కదులుతోందని అర్థం. నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటి నడిమధ్య నేల నీడలో ఉండి తడి అంతగా మారదు. చుట్టూ గోడల కింద మాత్రం ఏటా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక పక్క లేస్తే, ఒక పక్క దిగితే, మధ్యలో ఉన్న గోడ చీలక ఏం చేస్తుంది?

ఇప్పుడు ఎండాకాలమే కాబట్టి మీ స్థలంలో పెద్ద నెర్రె ఒకటి చూసి, అందులోకి సన్నటి ఇనుప చువ్వ దించి చూడండి. ఎంత లోతు దిగితే అంత లోతు దాకా నేల ఎండి కదులుతోందని. నేను ఆ చుట్టుపక్కల పొలాల్లో చువ్వ దించితే నాలుగడుగులు దిగి ఇంకా తగలని చోట్లు ఉన్నాయి. పునాది కదిలే పొరలోనే ఆగిపోతే, అది ఎంత గట్టి రాతితో కట్టినా ఫలితం లేదు.

తర్వాత మట్టి పరీక్ష. పునాది లోతు నుంచి మట్టి తీయాలి, పైనుంచి కాదు. ఆరబెట్టి, దంచి, సన్నజల్లెడ పట్టి పదేసి గ్రాములు రెండు గాజు గొట్టాల్లో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో బంకమట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండింటి తేడాను శాతంలో లెక్కగడతారు. 50 లోపు వస్తే అంత భయం లేదు, 100 దాటితే మామూలు పునాది వద్దే వద్దు. సివిల్ ఇంజనీరింగ్ ల్యాబు ఉన్న కాలేజీల్లో ఈ పరీక్ష చేస్తారు. ఇల్లు కట్టే ఖర్చులో దీని ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. దయచేసి మానకండి.

ఉబ్బు ఎక్కువగా తేలితే దానికో మందు ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు నల్లరేగడి నేలల కోసమే రూపొందించి ప్రచారంలోకి తెచ్చిన పైల్ పునాది అది. మేస్త్రీలు, ఇంజనీర్లు అండర్ రీమ్డ్ పైల్ అంటారు. నేలలోకి మూడున్నర మీటర్ల లోతు గుండ్రటి గొయ్యి దించి, అడుగున దాన్ని కుండలాగా, గొయ్యి వెడల్పుకు రెండున్నర రెట్లు వెడల్పు చేసి, కమ్మీ కట్టి కాంక్రీటు పోస్తారు. అంత లోతులో తడి ఏడాదంతా పెద్దగా మారదు కాబట్టి, ఆ కుండ కదలకుండా పట్టుకుని ఉంటుంది. పైన పైళ్లను కలుపుతూ వేసే బీముకూ నేలకూ మధ్య మూడంగుళాల ఖాళీ వదలాలి. ఇది చాలామంది మేస్త్రీలు మర్చిపోతారు. ఖాళీ లేకపోతే ఉబ్బిన నేల నేరుగా బీమునే పైకి ఎత్తుతుంది, పైళ్లు వేసి కూడా లాభం ఉండదు. పోసే రోజు మీరు దగ్గరుండి చూసుకోండి.

మీ ఇంజనీరు పరీక్ష ఫలితం చూసి, పైళ్లు అక్కర్లేదంటే, కనీసం పునాది కింద రేగడి తీసేసి గరుసు మట్టిని ఆరు అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేయించండి. ఇసుక మాత్రం పోయించకండి. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక అంటే గిన్నెలో నీళ్లు పోసినట్టే, వాననీళ్లన్నీ అక్కడికే చేరతాయి.

వాలు సంగతి కూడా మీకు ముఖ్యమే. నల్లరేగడి నేలలు బల్లపరుపుగా ఉంటాయి, నీళ్లు కదలవు. ఇంటి చుట్టూ ఐదారు అడుగుల వెడల్పున గచ్చు చేయించి, అది గోడ నుంచి బయటికి యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలేట్టు చూడండి. స్నానాల గది నీళ్లు, డాబా నీళ్లు గోడ పక్కన పడకూడదు. గోడ పక్కన వేప, రావి పెట్టకండి. మహావృక్షాల వేళ్లు ఎండాకాలంలో పునాది కింది తడినంతా లాగేస్తాయి. తులసి కోట, నందివర్ధనం, బంతి ఏదైనా పెట్టుకోండి.

ప్రశ్న: నేను రిటైర్డు టీచర్ని. న్యూజెర్సీలో ఉండే మా అబ్బాయి వికారాబాద్ వైపు అరెకరం కొన్నాడు. కింది హద్దు దగ్గర చిన్న వాగు పారుతుంది. అక్కడే ఇల్లు కడితే బావుంటుందని వాడి కోరిక. పల్లంగా ఉన్నచోట మట్టి పోసి ఎత్తు చేస్తే చాలంటున్నారు. మీ సలహా చెప్పండి.
(ఒక తండ్రి, హైదరాబాద్)

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి ఆ స్థలం చూసింది ఏ నెలలో? డిసెంబరు, జనవరి సెలవుల్లో వచ్చి చూసి ఉంటాడు. ఆ నెలల్లో వాగు బుద్ధిగా ఉంటుంది. అనంతగిరి కొండల చుట్టుపక్కల వాన పడితే నీళ్లు గంటలో కిందికి దిగుతాయి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే కదా. మీరు గానీ దగ్గరి బంధువులు గానీ జులైలోనో, ఆగస్టులోనో మంచి వాన పడుతుండగా వెళ్లి, గొడుగు పట్టుకుని హద్దంతా నడిచి, ఫోన్‌లో వీడియో తీసి పంపండి. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి, ఎక్కడ ఆగాయి, ఎక్కడ ఎర్రగా పారాయి, ఎక్కడ తేటగా పారాయి, ఇవన్నీ కనిపించాలి. వాన తర్వాత కంచె తీగలకు, తుప్పలకు చిక్కుకున్న గడ్డీ చెత్తా ఎంత ఎత్తున ఉందో చూడండి. వాగు అంత ఎత్తు వచ్చిందని గుర్తు. ఒక వానాకాలం పూర్తిగా చూసేదాకా ప్లాను గీయించొద్దు.

మట్టి పోసి ఎత్తు చేయడం గురించి: పోసిన మట్టి దిగుతుంది. ట్రాలీల్లో తెచ్చి గుమ్మరించిన మట్టి మీద ఇల్లు కడితే ఒక మూల దిగి, ఒక మూల నిలబడుతుంది. అన్నింటికీ మించి, మీరు ఎత్తు చేస్తే వాగు నీళ్లు ఎక్కడికి పోవాలి? పక్కవాళ్ల చేలోకి పోతాయి. అది వాళ్లకు కష్టం, మీకు కేసు. పైగా ఆ వాగు కింద చెరువో కుంటో ఉంటే, మీ స్థలంలో కొంత శిఖంలోకి (చెరువు నీళ్లు నిలిచే భూమిలోకి) గానీ నిండు చెరువు మట్టం లోపలికి గానీ వస్తుందేమో నీటిపారుదల శాఖ వాళ్ల మ్యాపులో చూపించుకోండి. వాగు గట్టు నుంచి ఎంత వదలాలో కూడా వాళ్లనే అడగండి. టిప్పన్‌లో (సర్వే వాళ్లు గీసిన భూమి పటంలో) హద్దులు, కొలతలే ఉంటాయి గానీ వాలు ఉండదు. రిజిస్ట్రేషన్ కాగితాలు చూసి నిశ్చింతగా ఉండొద్దు.

ఇల్లు పెట్టాల్సింది వాలు మధ్యలో, కొంచెం పైకి. మరీ శిఖరాన గాలి, కిందనైతే నీళ్లు. ఆ వైపు చాలాచోట్ల ఎర్రటి తుప్పురాయి నేల ఉంటుంది, తవ్వేటప్పుడు మెత్తగా వచ్చి, గాలి తగిలాక గట్టిపడుతుంది. పునాదికి అది మంచిదే. దారిని వాలు మీద నిటారుగా వేయించకండి, అడ్డంగా ఏటవాలుగా తిప్పుకుంటూ రండి, పక్కన కాలవ, మధ్యలో తూములు పెట్టించండి. బోరు ఎగువన, సెప్టిక్ ట్యాంకు, దాని నీళ్లు ఇంకే గుంత దిగువన ఉండాలి, మధ్యలో కనీసం అరవై అడుగుల ఎడం ఉండాలి. ఇక వాగు దగ్గర మీ అబ్బాయికి అంత మనసుంటే, అక్కడ కానుగ చెట్లు పెట్టించి ఒక రాతి అరుగు వేయించండి. సాయంత్రాలు మీరందరూ కూర్చోవచ్చు. నీళ్లు వచ్చినా అరుగుకు ఏమీ కాదు.

ప్రశ్న: పల్నాడులో కాలవ కింద పొలం. రెండేళ్ల కింద చదును చేయించాం. ఇప్పుడు పల్లపు మూలలో తెల్లటి పొర తేలుతోంది, వరి చచ్చిపోతోంది. జిప్సం వేయమని కొట్టాయన చెప్పాడు. ఎంత వేయాలి?
(ఒక రైతు)

జవాబు: ముందు వేయకండి. తెల్లగా పొడిలాగా తేలితే అది తెల్ల చౌడు అయ్యుండే అవకాశం ఎక్కువ, దానికి జిప్సంతో పని లేదు. పైనున్న మడుల నుంచి ఊట దిగి ఆ మూలలో చేరుతోంది, ఎండకు నీరు ఆవిరై ఉప్పు పైన మిగిలిపోతోంది. దిగువ హద్దు వెంట మూడడుగుల లోతు మురుగు కాలవ తీసి, నీళ్లు బయటికి పోయే దారి చేసి, మంచినీళ్లు రెండుమూడుసార్లు నిండుగా పెట్టి వదలండి. తర్వాత జీలుగ వేసి దున్నండి. నేల నల్లగా, జిడ్డుగా, తడిస్తే సబ్బులా జారుతూ ఉంటే అది కారు చౌడు, అప్పుడు జిప్సం కావాలి, కానీ ఎంతన్నది భూసార పరీక్షే చెప్పాలి. మురుగు కాలవ లేకుండా ఏ మందు పోసినా ఆ మూల బాగుపడదు.

ప్రశ్న: పాడేరు దగ్గర కొండమీద అల్లం, పసుపు వేస్తాం. బోదెలు పైనుంచి కిందికి తీస్తాం. పెద్దలు అలాగే చేశారు. ఇప్పుడు ప్రతి వానకూ మట్టి పోయి రాళ్లు తేలుతున్నాయి. మా ఊళ్లో మిషన్లు రావు. ఏం చేయగలం?
(ఒక యువ రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: తమ్ముడూ, మీ పెద్దలు చేసినదానికి కారణం ఉంది. నీళ్లు నిలిస్తే అల్లానికి దుంపకుళ్లు వస్తుంది, అందుకే నీళ్లు వెంటనే దిగిపోయేట్టు బోదెలు కిందికి తీశారు. కానీ వాళ్లు ఒక కొండవాలును రెండుమూడేళ్లు సాగుచేసి, మళ్లీ అడవి పెరగడానికి చాలా ఏళ్లు వదిలేసేవాళ్లు. ఇప్పుడు మీరు అదే వాలును ఏటా తవ్వుతున్నారు. అల్లం తవ్వడమంటే నేలంతా గుల్ల చేయడమే కదా. అందుకే మట్టి నిలవడం లేదు.

బోదెలను కొండకు అడ్డంగా తిప్పండి. పూర్తిగా సమమట్టంగా కాదు, వంద మీటర్లకు అర మీటరు దిగేట్టు కొంచెం ఏటవాలుగా. నీళ్లు నిలవవు, పరిగెత్తవు, నడుస్తాయి. చివర రాళ్లు పరిచిన దారిలో కిందికి వదలండి. తేలిన రాళ్లు పారేయకండి, వాటితోనే పది, పదిహేను అడుగులకు ఒక వరస కట్ట పేర్చండి. ఆ వరసల వెంట కొండచీపురు గానీ అనాస గానీ నాటండి. మట్టి ఆగుతుంది, చీపుర్లు అమ్ముకోవచ్చు. రెండుమూడేళ్లలో రాళ్ల వెనక మట్టి చేరి మెట్టు దానంతటదే ఏర్పడుతుంది. మీ వైపు కొండవాగుల పక్కన వరి మెట్లు ఎవరు కట్టారో చూడండి, మీ తాతలే. పని మీకు కొత్తేమీ కాదు.

వాలు నూటికి ముప్పై మూడు దాటిన చోట మాత్రం ఏటా తవ్వే పంటలు మానేయండి. అక్కడ సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, చెట్లకు మిరియాలు. నేల కదలని పంటలవి.

సమమట్టం గీయడానికి మిషన్ అక్కర్లేదు. ఏడడుగుల వెదురు బొంగులు రెండు తీసుకుని, పైన కలిపి కట్టండి. కాళ్లు బాగా ఎడంగా చాపి, మధ్యలో అడ్డంగా ఒక బద్ద కట్టండి. పై ముడి నుంచి దారానికి గుప్పెడంత రాయి వేలాడదీయండి, దారం అడ్డ బద్దను దాటి కిందికి రావాలి. దీన్ని నేలమీద నిలబెట్టి, రెండు కాళ్లున్న చోట్ల గుర్తు పెట్టి, దారం బద్దను తాకినచోట బొగ్గుతో గీయండి. ఇప్పుడు కాళ్లు అటూ ఇటూ మార్చి, అదే గుర్తుల మీద పెట్టి మళ్లీ గీయండి. రెండు గీతలకూ సరిగ్గా మధ్యలో మూడో గీత గీయండి. దారం ఆ మూడో గీత మీద నిలిచిందంటే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఒక కాలు ఆనించి, రెండోది తిప్పుకుంటూ, గీత కుదిరినచోట పుల్ల గుచ్చుకుంటూ పొండి. అలా కొండకు అడ్డంగా పుల్లల వరస వస్తుంది. బోదెలకు ఈ వరసనే ఆధారం చేసుకుని, పది మీటర్లకు ఐదు సెంటీమీటర్ల చొప్పున కిందికి జరుపుకోండి. గాలి వీచే పూట దారం ఊగుతుంది, అందుకని పొద్దున్నే, గాలి లేనప్పుడు మొదలుపెట్టండి.